ఖాలాతో ఒకే పళ్ళెంలో

ఖాలా పోయింది. భూపాలపల్లి నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసేసరికి నేను బడిలో నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. "అక్కా, అమ్మీ పోయింది" అంది ఆ పిల్ల. తర్వాత "పొద్దుగాల చాయ్ తాగింది. జర పండుకుంట అన్నది. మళ్ళ లేవలే" అంది. పిల్లలు ఏడో ఎక్కం దాటి ఎనిమిదిలోకి వెళ్ళిపోయారు. నేను ఆపమనలేదు. ఆపితే గదిలో నిశ్శబ్దం వస్తుందని భయపడ్డాను.

కేసముద్రంలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని అని అర్థం. ఎవరికి పిన్ని అని మా వాడలో ఎవరూ అడిగిన గుర్తు లేదు, అందరూ అలాగే పిలిచేవాళ్ళు. ఒక్క మా అమ్మ మాత్రం "అక్కా" అనేది. ఆమె భర్త మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. ఆయన పోయాక ఆమె చేతిమిషను మీద సేమియా తీసి, మంచాల మీద ఎండబెట్టి అమ్ముకుంటూ బిడ్డను పెంచింది. పెళ్ళయ్యాక ఆ బిడ్డ భూపాలపల్లిలో స్థిరపడింది, అల్లుడికి బొగ్గుబావిలో పని. ఈమధ్య ఖాలాకు ఆయాసం ఎక్కువైందని వాళ్ళే వచ్చి తీసుకుపోయారు.

ఆ రోజే బయలుదేరాను. వరంగల్‌లో బస్సు మారి, రేగొండ దాటేసరికి ఎండ దిగిపోయింది. నాకోసం ఆపి ఉంచారు. ముఖం చూపించారు. నిద్రలో ఎవరో పిలిస్తే లేవడానికి బద్ధకిస్తున్నట్టుంది, అంతే. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, పక్కింటివాళ్ళు అన్నమూ పప్పూ తెచ్చి పెట్టారు. అమ్మ రాలేదు. అమ్మ మా గడప దాటి ఏళ్ళయింది.

ఖాలా గురించి మీకు చెప్పాలంటే రోడ్డు మీద వంట దగ్గర మొదలుపెట్టాలి. రాష్ట్రం కోసం ఊళ్ళన్నీ రోడ్ల మీదికొచ్చిన రోజులవి. వంటావార్పు అని పిలుపిచ్చేవారు. అంటే నడిరోడ్డు మీద రాళ్ళు పెట్టి, పొయ్యి వెలిగించి, అక్కడే వండుకుని తిని, బండ్లను కదలనివ్వకపోవడం. మొదటిసారి మా వాడ ఆడవాళ్ళంతా తలా ఇన్ని బియ్యం తెచ్చి, పెళ్ళికి వండినంత ఎసట్లో పోశారు. పక్కన పప్పు, ఇంకో పక్కన వంకాయ కూర. ఏదీ ఉడకకముందే పోలీసు జీపులొచ్చాయి. అంత పెద్ద గిన్నెలను ఎత్తేవాళ్ళు లేరు. పోలీసులు తన్నేస్తే సగం ఉడికిన బియ్యం తారు రోడ్డు మీద పారింది. ఆడవాళ్ళు ఉద్యమం కంటే ఆ బియ్యం కోసమే ఎక్కువ ఏడ్చారు.

రెండోసారి ఖాలా నెత్తిన గంజుతో, అంటే చెవులున్న లోతు గిన్నెతో వచ్చింది. అందులో ఉల్లిగడ్డలు, టమాటలు, పచ్చిమిరపకాయలు, పాత చీర కొంగులో మూటగట్టిన సేమియా.

"ఇయ్యాల ఒక్క గంజే" అంది. "పోలీసులొచ్చే లోపట ఉడకాలె. వస్తే ఎత్తుకొని ఉరకాలె."

"పాయసమా ఖాలా?" అని మా తమ్ముడు అడిగాడు. డిగ్రీ చదివేవాడు అప్పుడు. జెండా పట్టుకుని ముందు వరసలో కూర్చునేవాడు.

"పాయసం రాష్ట్రమొచ్చినంక చేస్త. గిది కారం సేమియా. నినాదాలిచ్చేటోనికి తియ్యటిది పనికిరాదు, గొంతు పడిపోతది."

నేను పక్కనే కూర్చుని చూశాను. గంజులో నూనె వేడెక్కాక సేమియాను పిడికిట్లో విరిచి వేసింది. అది ఎర్రబడుతుండగానే దాని మీద ఉల్లిగడ్డ, మిరపకాయ, టమాట. పసుపు, కారం, ఉప్పు. కలిపి, నీళ్ళు పోసి, వేలు ముంచి చూసింది. సేమియా మీద వేలి గణుపంత నీళ్ళు నిలవాలి. మూత పెట్టి, కట్టెలు బయటికి లాగేసింది. నేను మూత తీయబోతే చేతిమీద కొట్టింది. "ఊకె చూడకు. చూస్తుంటే సిగ్గుపడి ఉడకది." ఆ రోజు జీపులు రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి గంజు అడుగు గీకుతున్నాం.

ఆగిపోయిన లారీల్లో ఒక కోస్తా డ్రైవర్ ఉన్నాడు. పొద్దున్నుంచీ స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఖాలా ఆకులో సేమియా పెట్టుకుని పోయి తలుపు తట్టింది. అతను దాన్ని అటూ ఇటూ చూసి "ఇది ఉప్మానా అండీ?" అన్నాడు. "తిను బిడ్డా, పేరు తర్వాత అడుగు" అంది. మా వాళ్ళలో ఒకరిద్దరికి అది నచ్చలేదు. వాళ్ళకు పెడతావా అన్నారు. "లారీని ఆపుమన్నరు, ఆపినం. తిండి ఆపుమని ఎవరన్న అన్నరా?" అంది. ఆ డ్రైవర్ ఆకు నాకినంత పని చేశాడు.

ఆ తర్వాత ఎక్కడ వంటావార్పు ఉన్నా ఖాలా గంజు ఉండాల్సిందే. మానుకోటకూ తీసుకుపోయారు, రైలు పట్టాల మీదా పెట్టించారు. పోలీసులొస్తే గంజుకు ఒక చెవి మా తమ్ముడు, ఇంకో చెవి ఆమె పట్టుకుని పత్తి బండ్ల మధ్య నుంచి పరిగెత్తేవాళ్ళు. ఆమె బుర్ఖా, వాడి భుజమ్మీది కండువా, మధ్యలో పొగలు కక్కే గంజు. అమ్మ గోడ దగ్గర నిలబడి వాళ్ళను చూసి కడుపు పట్టుకుని నవ్వేది. అమ్మ నవ్వు గురించి ఇంతకుమించి రాయలేను.

రాష్ట్రం కోసం అందరూ కలిసి చేసిన సమ్మె ముగిసింది. బడులు తెరిచారు, బస్సులు తిరిగాయి, ఏదీ తేలలేదు. తమ్ముడు ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. "ఇగ రాదక్కా, మనల్ని ఆడిస్తున్నరు" అన్నాడొకసారి. వస్తుందిలే అన్నాను. ఆ చలికాలంలో వాడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. పత్రికల్లో ఫొటో వేశారు. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. అమరుడు అని రాశారు. మాట్లాడటానికొచ్చిన నాయకులతో అమ్మ ఒక్కటే అంది. "వాడు నా కొడుకు. పేరు మార్చకుండ్రి."

తర్వాత అమ్మ తినడం మానేసింది. ఒట్టు పెట్టుకుని కాదు. అన్నం ముందు పెడితే దాన్ని ఎవరిదో వస్తువులా చూసేది. చుట్టాలు వాడికిష్టమైనవన్నీ వండి తెచ్చారు, వాసనకే ముఖం తిప్పుకుంది. బతిమాలారు, తిట్టారు, నన్ను చూపించి "దీని కోసమన్న తిను" అన్నారు. డాక్టరు సెలైన్ పెట్టి, ఇట్లయితే కష్టం అని నాతో విడిగా చెప్పాడు. ఇంట్లో రెండో చావు చూస్తానని నేను నిశ్చయంగా అనుకున్నాను. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఒక సాయంత్రం ఖాలా గోడ దిగి వచ్చింది. చేతిలో గంజు, చంకలో పెద్ద సత్తు పళ్ళెం. వాళ్ళ ఇళ్ళల్లో నలుగురు చుట్టూ కూర్చుని ఒకే పళ్ళెంలో తినడం అలవాటు. మా ఇళ్ళల్లో ఒకరు చెయ్యి పెట్టిన పళ్ళెంలో ఇంకొకరు పెట్టరు, ఎంగిలి. ఆమె అమ్మ ముందు పళ్ళెం పెట్టి, సేమియా అంతా అందులోనే ఒంపి, ఎదురుగా కూర్చుని, తన వైపు చెయ్యి పెట్టింది. ముద్ద మాత్రం ఎత్తలేదు. తినమని అనలేదు. అలాగే కూర్చుంది. మా మేనత్త వాకిట్లోంచి "మైల ఇంట్ల గీ ఎంగిలి పళ్ళెమేంది?" అని సణిగింది. ఖాలా తల తిప్పలేదు. సేమియా చల్లారి గడ్డకట్టింది. అప్పుడు లేచి, చెయ్యి కడుక్కుని, పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం ఆమె బిడ్డ గోడ మీంచి అమ్మను పిలిచింది. అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు ఆ పిల్లకు. "అత్తమ్మా, మా అమ్మీ ఏం తింటలేదు. చాయ్ తప్ప ఏం ముడతలేదు. జర నువ్వన్న చెప్పు" అంది ఏడుస్తూ.

సాయంత్రం ఖాలా వచ్చింది. పళ్ళెంలో చెయ్యి పెట్టి కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అమ్మ అప్పటిదాకా ఎవరి ముఖమూ చూడలేదు, ఆమె ముఖం చూసింది.

"నువ్వెందుకు తింటలేవక్కా?"

"ఒక్క పళ్ళెంల కూసున్నంక ఒక్కదాన్నే ఎట్ల తింట చెల్లె? నువ్వు ముట్టినప్పుడు నేను ముడత."

"నా కోసం నువ్వు చస్తవా ఏంది?"

"నాకు చావాలని లేదు. ఆకలైతున్నది" అంది ఖాలా.

అమ్మ చెయ్యి కదిలింది. చిన్న ముద్ద. నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయినదానిలా చాలాసేపు ఉంచుకుంది. ఖాలా కూడా ఒక ముద్ద తిన్నది. నేను వెనక గదిలోకి పోయి తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

అట్లా ఏళ్ళు గడిచాయి. రోజూ సేమియానే కాదు, కిచిడీ కూడా, ఒక్కోసారి పప్పులోనే బియ్యం. ఏదైనా ఒక్క గంజు, ఒక్క పళ్ళెం. రోజు మొత్తానికి అమ్మ సరిగా తినేది అదొక్కటే. రంజాన్ నెలలో ఖాలా పొద్దుగూకేదాకా ఏమీ ముట్టదు కదా, అమ్మ కూడా వాకిట్లో కూర్చుని ఆకాశం చూస్తూ "పొద్దు గూకిందా బిడ్డా?" అని నన్ను అడిగేది. ఏడాదంతా అమ్మ గంట ఎంతయిందని అడిగేది ఆ నెల ఒక్కటే.

రాష్ట్రం ఇస్తున్నామని చెప్పిన రోజు ఊరంతా పటాకులు. రంగులు చల్లుకున్నారు. ఖాలా మా ఇంటికొచ్చి తలుపులు వేసి, చప్పుడు లోపలికి రాకుండా కిటికీల్లో గుడ్డలు కుక్కింది. పొయ్యి వెలిగించింది. అమ్మ "పాయసం చేస్త అన్నవు గద అక్కా, వానితోని" అంది. ఖాలా ఉల్లిగడ్డలు కోసింది. ఆ రోజు ఇద్దరూ ఎంత తిన్నారో నాకు తెలియదు, నేను చూడలేకపోయాను. అందరూ సంతోషించాల్సిన రోజే, నేను కాదనను. మా ఇంటికి మాత్రం ఏమీ రాలేదు. వచ్చిందని ఎవరన్నా అంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

భూపాలపల్లికి పోయాక కూడా ఖాలా వదల్లేదు. సాయంత్రం ఫోన్ చేసేది. నేను స్పీకర్ పెట్టి, ఆమె మాకు వదిలిపోయిన పళ్ళెం పక్కన ఉంచేదాన్ని. "చెల్లె, చెయ్యి పెట్టినవా? నేను పెట్టిన" అనేది ఆయాసంతో. అమ్మ పెట్టేది. అటు నుంచి నమిలే చప్పుడు వినపడ్డాకే ఇటు ముద్ద ఎత్తేది. ఆఖరి రోజుల్లో అటు నిజంగా ఏమైనా తినేదో, ఉత్తగా నోరు ఆడించేదో నాకు తెలియదు. ఆమె బిడ్డను అడగలేదు. అడగదలుచుకోలేదు.

తిరిగొచ్చి అమ్మకు చెప్పాను. "మట్టి అయ్యిందా?" అంది. అయ్యిందన్నాను. "మంచిగనే పోయిందా?" నిద్రలోనే అన్నాను. ఆ రోజు నీళ్ళు తప్ప ఏమీ తాగలేదు.

మర్నాడు సాయంత్రం నేనే గంజు పెట్టాను. సేమియా విరిచి వేయించాను, నీళ్ళలో వేలు ముంచి చూశాను, మూత తీయకుండా ఓపిక పట్టాను. బాగానే కుదిరింది, పోగులు విడివిడిగా, రంగు కూడా అదే. పళ్ళెంలో ఒంపి అమ్మ ముందు పెట్టి ఖాలా కూర్చునే చోట కూర్చున్నాను. చెయ్యి పెట్టి ఆగాను.

"తిను బిడ్డా, పొద్దటి నుంచి బడిల ఉన్నవు" అంది అమ్మ.

"నువ్వు ముట్టకుంటే నేను ముట్టనమ్మా."

అమ్మ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన చూపు.

"ఆమె నిజంగ ఉపాసముండేది" అంది. "నువ్వు ఉండలేవు బిడ్డా. ఉండొద్దు గూడ."

నేను లేదనబోయాను. నోట్లో నీళ్ళూరుతున్నాయి, అది ఆమెకు కనపడుతూనే ఉంది. అమ్మ పళ్ళెంలో చెయ్యి పెట్టింది. ఒక్క క్షణం ఆశ పడ్డాను. వేళ్ళతో తన వైపు సేమియాను కొంచెం కొంచెంగా, ఒక్క పోగు కూడా మిగలకుండా, నా వైపు జరపసాగింది, ఆమె ముందు సత్తు పళ్ళెం అడుగు తెల్లగా కనపడేదాకా.