తలుపు వేసుకుని పెట్టుకున్న బొట్టు

మా ఇంట్లో గిన్నెలు తోమే పిల్ల మొన్న పొద్దున్నే నవ్వుకుంటూ వచ్చింది. మొగుడు ఎటో పోయి చాలా కాలమైంది, బతికున్నాడో లేడో దానికీ తెలియదు, ఇద్దరు బిడ్డల్ని పెట్టుకుని నాలుగిళ్ళలో చాకిరీ చేస్తోంది. ఒంటరి ఆడవాళ్ళకిచ్చే పింఛను దానికి మంజూరైందట. నేను దాని మొహంకేసి చూశాను. నుదుటిన ఇంత బొట్టు, చేతుల నిండా గాజులు. పింఛను అడగడానికి అలాగే వెళ్ళావుటే అని అడిగితే, "మరెలా ఎల్తారు మామ్మా?" అని నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూసి పెరట్లోకి పోయింది. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది.

నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో మన అనకాపల్లి చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా రంగం వెళ్ళినవాడు ఒకడుండేవాడు. రంగూన్‌ని రంగం అనేవాళ్ళం. తమ్ముడు అమ్మ కడుపులో ఉండగా మా అయ్యా వెళ్ళాడు, అక్కడ రేవులో మూటలు మోసేవాడు. యుద్ధం వచ్చి రంగం మీద బాంబులు పడ్డాక, మనవాళ్ళు అడవుల వెంట నడిచి, కాళ్ళు పుళ్ళు పడి, ఒక్కొక్కరే ఇళ్ళకి చేరారు. మా వీధి మావయ్య ఒకాయన అలాగే వచ్చి, సగం దారి దాకా మా అయ్యతోనే నడిచానని, జ్వరంతో వెనకబడ్డాడని అమ్మకి చెప్పాడు. "నువ్వెల్లు బావా, ఎనకాల వత్తానన్నాడు" అని తల దించుకున్నాడు. మా అమ్మకి ఆ ‘వత్తాను’ ఒక్కటే చెవికెక్కింది. వస్తానన్న మనిషి వస్తాడు కదా అంది. ఆ రోజు నుంచి ఆవిడ బొట్టు ఇంకా పెద్దదైంది.

చెరకు గానుగలు ఆడినన్నాళ్ళూ మాకెలాగో జరిగిపోయేది. అమ్మ బెల్లం వండే పొయ్యిలోకి ఎండిన చెరకుపిప్పి ఎగదోసేది, గానుగ దగ్గరికొచ్చిన వాళ్ళని వట్టి నోటితో పంపే అలవాటు లేదు కనక మేమిద్దరం రసంతోనూ, వేడి బెల్లంతోనూ పొట్ట నింపుకునేవాళ్ళం. యాతనంతా వానాకాలంలోనే. గానుగలు ఆగిపోయేవి, యుద్ధం రోజులు కావడంతో బియ్యం కంటికి కనపడేవి కావు, ఉన్న చోడి అంబలీ, అదే రాగి జావ, రోజురోజుకీ పలచనై నీళ్ళయిపోయింది. ఆ ఏడు తమ్ముడికి విరేచనాలు పట్టుకుని, కాళ్ళు పుల్లలై, నడిచే పిల్లాడు కాస్తా మళ్ళీ పాకడం మొదలుపెట్టాడు. గంజన్నం పడకపోతే బిడ్డ దక్కడని వైద్యుడు మొహం మీదే చెప్పేశాడు.

మా పేటలో ఒక బెల్లం షావుకారు తల్లి ఉండేది. చిన్నవయసులోనే భర్త పోయి, ఆ దిగులుతోనే కన్నుమూసిన తన కూతురి పేరు చెప్పి, ప్రతి శనివారం మొగుడు పోయిన ఆడవాళ్ళకి బియ్యం పోసేది. అమ్మ నా చెయ్యి పట్టుకుని వెళ్ళి ఆ వరసలో నిలబడింది. పెద్దావిడ చేట ఎత్తి, అమ్మ నుదురు చూసి, చటుక్కున వెనక్కి లాక్కుంది. ఆ బియ్యం పేరంటాలి ఒడిలో పడితే ఆమె మొగుడికి కీడని అక్కడందరి నమ్మకం. "నా సేత్తో నీ పెనిమిటిని సంపమంటావేటే తల్లీ?" అని ఆవిడే బావురుమంది. చెడ్డ మనిషి కాదండీ, అదే నా ఏడుపు. చెడ్డదైతే ఇన్నేళ్ళూ హాయిగా తిట్టుకునేదాన్ని.

అబద్ధమాడి, ఆ పూటకి బొట్టు చెరిపి వెళ్ళొచ్చు కదా అని ఇప్పటివాళ్ళు తేలిగ్గా అంటారు. ఆ బొట్టులోనే మా అయ్య ఆయువుందని మనసా వాచా నమ్మిన మనిషి ఆవిడ. చెరిపితే అడవిలో ఆయన నిలుచున్నచోటే కూలిపోతాడు, చెరపకపోతే ఒళ్ళో ఉన్నవాడు పోతాడు. తరవాతి శనివారానికి తమ్ముడు ఏడవడం కూడా మానేశాడు. వాణ్ణి చంకనేసుకుని, నన్ను నడిపించుకుని అమ్మ నూకాలమ్మ గుడికి వెళ్ళింది. గాజులు తీసి గుమ్మంలో పెట్టింది. "అమ్మా, పిల్లడు సచ్చిపోతన్నాడు, ఆయన్ని నువ్వే సూసుకో" అంటూ చెంగుతో బొట్టు చెరిపేసుకుంది. ఎర్రదనం పోయాక కూడా రుద్దుతూనే ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని లాగి ఏడ్చాను.

గుడి నుంచి తిన్నగా వెళ్ళి ఆ వరసలో నిలబడితే, పెద్దావిడ ఏమీ అడగకుండా బియ్యం పోసి, అమ్మ భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తమ్ముడు బతికాడు, కార్తీకానికి మళ్ళీ వీధిలో పరుగెత్తాడు. ఆ బియ్యంలో ఒక్క మెతుకు కూడా అమ్మ నోట పెట్టగా నేను చూడలేదు. మా ఇద్దరికీ అన్నం వార్చి, తను అంబలే తాగింది. మా అయ్య రాలేదు. రాడని ఊరందరికీ తెలిసినా, అమ్మకి మాత్రం తనే రాకుండా చేశానన్న బెంగ పోలేదు. తమ్ముడికి మీసాలొచ్చి అచ్చం అయ్య పోలికలు తేలాక, వాడు భోంచేస్తుంటే ఎదురుగా కూర్చోలేక లేచి వెళ్ళిపోయేది.

సాయంత్రం దీపం పెట్టే వేళకి ఆవిడ తలుపు గడియ వేసేది. కుంకుమ భరిణె తీసి, వేలి చివరతో బొట్టు పెట్టుకుని, దీపం ముందు కాసేపు కూర్చునేది. ఎవరైనా తలుపు కొడితే తుడుచుకుని తీసేది. ఎందుకని మేమెన్నడూ అడగలేదు. నా పెళ్ళయ్యేదాకా రోజూ చూశాను.

ఆవిడ పోయినప్పుడు స్నానం చేయించాక నేను భరిణె తీశాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఇదేటి విడ్డూరమని గొణిగారు. నా చెయ్యి ఆగింది. అప్పుడు తమ్ముడు, తలనెరిసిన పెద్దమనిషి, చంటిపిల్లాడిలా వెక్కుతూ, "పెట్టప్పా, పెద్దది పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ రోజు తలుపులు బార్లా తీసే ఉన్నాయి.

ఇప్పుడు కాలం మారింది, మంచికే మారింది, నేను కాదనను. బిడ్డలకి కూడెట్టుకోవడానికి ఒక మనిషిని చచ్చాడనుకోమని ఆడదాన్ని ఎవరూ అడగడం లేదు. పెరట్లో ఆ పిల్ల గాజులు గలగలమంటుంటే వినడానికి బాగానే ఉంది. మా అమ్మ ఈ రోజుల్లో పుట్టి ఉంటే ఆ బొట్టుతోనే వెళ్ళి, ఆ బొట్టుతోనే బియ్యం తెచ్చుకుని, మాతో పాటు కూర్చుని ఇంత అన్నం తినేది.