తమ్ముడు పడని ఫోటోలు

గ్రూప్ ఫోటో చేతికిస్తే మనవాళ్లు ముందు తమ మొహం వెతుక్కుంటారు. అది బాగా పడిందని తేలాకే మిగతా లోకం మీద దయ తలుస్తారు. చికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్ ఊరి ఉగాది ఫోటోలో నాలుగువందల తలకాయల నడుమ, స్తంభం వెనక గోరంత మెరిసిన నా బట్టతలను నేను రెప్పపాటులో పట్టేశాను. అంతటి ఘనుణ్ణి.

ఆ గర్వంతోనే 2009లో ఒక ఆదివారం చికాగోలోని ఒక మ్యూజియంలో నోరు జారాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న కుటుంబాలను ఇళ్లలోంచి తరలించి, ఎడారిలో ముళ్లకంచెల వెనక క్యాంపుల్లో ఉంచిన రోజుల ఫోటోలు పెట్టారక్కడ. భోజనాల క్యూ ఫోటో ఒకటి మా గరాజ్ తలుపంత ఉంది. దాని ముందు ఎనభైకి చేరువైన ఒక జపనీస్ పెద్దావిడ భూతద్దం పట్టుకుని, ఎడమ చివర నుంచి ఒక్కో మొహమే చూసుకుంటూ వస్తోంది.

"మీరు బాగా పడ్డారా?" అని నవ్వుతూ అడిగాను.

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "మీకు మ్యూజియమైనా ఒకటే, పాట్‌లక్ విందైనా ఒకటేనా అండీ?"

పెద్దావిడ కోప్పడలేదు. "నా కోసం కాదు. మా తమ్ముడి కోసం," అంది.

పోలీసులొస్తారన్న భయంతో వాళ్ల నాన్న, జపాన్ నుంచి వచ్చిన ఉత్తరాలతో పాటు ఇంట్లోని ఆల్బమ్‌లన్నీ పెరట్లో తగలబెట్టాడట. క్యాంపులో కెమెరా ఉంచుకోనివ్వలేదు. తమ్ముడు అక్కడే, నాలుగేళ్లకే, జ్వరంతో పోయాడు. వాడి ఫోటో అంటూ ఇంట్లో ఒక్కటీ లేదు.

"చెవులు పెద్దవి. ఒక సాక్సు ఎప్పుడూ జారిపోయేది. మొహమే... ఈ మధ్య గుర్తు రావడం లేదు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "చూస్తారేం? ఆ చివర నుంచి మీరు స్టార్ట్ చేయండి."

పావుగంటకు మా ఆవిడే పట్టింది. ఒకామె గౌను వెనక ఒక చెవి, సగం బుగ్గ, జారిన సాక్సు. పెద్దావిడ భూతద్దాన్ని అక్కడికి జరిపింది. చాలాసేపు చూసింది.

ఆవగింజను గుమ్మడికాయని నమ్మించగల నోరు నాది. "వాడే! అచ్చం మీ ముక్కే!" అన్నాను.

ఫోటోలో ముక్కు లేదు.

ఆవిడ నా చెయ్యి నిమిరింది. "వాడు నా చెయ్యి వదిలేవాడు కాదు. వాడే అయితే పక్కన నేనుండాలి," అంది.

తర్వాతి ఫోటో దగ్గరికి వెళ్లి మళ్లీ ఎడమ చివర మొదలుపెట్టింది. మేమిద్దరం కుడి చివర నుంచి వచ్చాం. మూసే వేళకు మూడు గోడలు అయ్యాయి. నాలుగో గోడ మీద, అందరూ క్యాంపు వదిలి వెళ్లిపోయాక తీసిన ఫోటోలు: చెక్క షెడ్లు, ఇసుక, కంచె. మనిషన్నవాడు లేడు.

ఆవిడ వాటినీ భూతద్దంతో చూసింది, ఎడమ నుంచి కుడికి, ఒక్కటీ వదలకుండా.