గోటితో గీకిన మందారం

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్ళు ఉండగా నన్ను ఉద్యానవన శాఖ అధికారిగా చేవెళ్ళకు వేశారు. మొయినాబాద్ మండలం కూడా నా కిందే ఉండేది. పందిరి కూరగాయలు, పూలతోటలు చూడడం నా పని. ఇళ్ళల్లో పెంచుకునే మొక్కలు నా పరిధిలోకి రావు. అయినా ఆ ఏడు మార్చి మధ్యలో పై అధికారి ఫోన్ చేసి, అజీజ్‌నగర్‌లో తెలిసినవాళ్ళ ఫామ్‌హౌస్‌లో మందారానికి పురుగు పట్టిందట, చూసి రమ్మన్నారు. ఇలాంటివి కాగితం మీద ఉండవు, కాదనడానికీ వీలుండదు.

అక్కడ తోట చూసే ఏలియాది అదే మండలంలోని హిమాయత్‌నగర్ ఊరు. భార్య సారమ్మతో, బడికి పోయే కూతురితో గేటు పక్క గదిలో ఉండేవాడు. మందారం మనిషెత్తు దాటింది. కొమ్మల నిండా పిండినల్లి, అంటే తెల్లటి దూదిలా అంటుకొని రసం పీల్చే పురుగు. యజమానురాలి పూజకు రోజూ ఆ చెట్టు పూలే కావాలి. ఆమె తీర్థయాత్రలకు వెళుతూ, తాను తిరిగొచ్చేసరికి చెట్టు ఎండిపోయి ఉంటే గది ఖాళీ చేసుకోమని ఏలియాకు చెప్పి వెళ్ళింది.

మందారాన్ని చలి తగ్గాక, ఎండలు ముదరకముందు కత్తిరించాలి. ఒకేసారి మూడో వంతుకు మించి తీయకూడదు. కణుపుకు కాస్త పైన ఏటవాలుగా కోసి, కత్తెరను స్పిరిట్‌తో తుడుస్తూ, కోసిన చోట కుళ్ళు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయాలి. పూత, తుడుపు అన్నీ పద్ధతిగానే చేశాను. కానీ ఎండలు ముదిరాయని తెలిసి కూడా, పురుగు మీద కసితో చెట్టును మోకాలెత్తుకు తెచ్చాను.

“సార్, గింత కోస్తే బతుకుతదా?” అన్నాడు ఏలియా.

బతుకుతుందన్నాను. అనుమానంగా ఉంటే గోటితో బెరడు కొంచెం గీకి చూడమని, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టేనని చెప్పాను. ఒక విద్య నేర్పానన్న తృప్తితో జీపెక్కాను.

పది రోజుల తర్వాత వెళితే ఒక్క చిగురూ లేదు. ఇంకో పది రోజులకు వెళ్ళినా అంతే. నిజం చెప్పాలంటే నాకు భయం పట్టుకుంది. చేవెళ్ళ రోడ్డు మీద అజీజ్‌నగర్ మలుపు దగ్గర పడుతుంటే జీపును నెమ్మదిగా పోనిచ్చేవాడిని. వెళ్ళిన ప్రతిసారీ నేను కూడా రెండు మూడు చోట్ల గీకి, పచ్చగానే ఉంది, ఫికర్ పెట్టుకోవద్దు అని చెప్పి, ఏలియా ముఖం చూడకుండా వచ్చేసేవాడిని.

యజమానురాలు ఇంకో రెండు రోజుల్లో వస్తుందనగా మళ్ళీ వెళ్ళాను. మోళ్ళన్నీ ఒలిచినట్టు ఉన్నాయి, బెరడన్నది లేదు. సారమ్మ నాతో మొదటిసారి అప్పుడే మాట్లాడింది.

“పొద్దున లేస్తే మొఖం గూడ కడుగడు సార్. పోయి గీకుడే. దినాం నాలుగైదు మాట్ల. పచ్చగ కనబడితేనే బువ్వ తింటడు.”

ఏలియా తలెత్తలేదు. “ఇయ్యాల ఏడ గీకినా పచ్చగ లేదు సార్,” అన్నాడు.

కొమ్మకు ఆహారం అందేదీ, కొత్త చిగురు పుట్టేదీ బెరడులోంచే. బెరడు చుట్టూ పోతే కొమ్మ ఎండుతుంది. నా కోత తర్వాత కూడా బతికున్న కొమ్మలను బతికున్నాయా లేదా అని చూసి చూసి చంపుకున్నాడు. ఆ గది, ఆ పిల్ల బడి, అన్నీ నేను నేర్పిన ఆ పరీక్షతోనే పోతాయనిపించింది.

మొదలు చుట్టూ సారమ్మ ఎండ తగలకూడదని ఎండుటాకులు మందంగా పరిచి ఉంచింది. ఏలియా గోరు అందనిది అక్కడొక్కచోటే. వంగి ఆకులు పక్కకు జరిపాను. నేలకు ఆనుకొని నాలుగు చిగుళ్ళు, చివర్లు కొంచెం ఎర్రగా. నా బొటనవేలు అలవాటుగా ముందుకు పోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“గీకి చూద్దమా సార్?” అన్నాడు ఏలియా.

వద్దన్నాను. ఆకులు మళ్ళీ కప్పాను.

యజమానురాలు వచ్చిన రోజు నేనూ అక్కడ ఉన్నాను. ఆలస్యంగా, అవసరానికి మించి కోసింది నేనని, గీకమని నేర్పింది కూడా నేనేనని చెప్పాను. ఆమె చిగుళ్ళను వంగి చూసి, వానలదాకా చూస్తానంది. వానలు పడి మొదటి పువ్వు పూసేదాకా ఏలియాకు, సారమ్మకు, నాకు నిద్ర సరిగా లేదు. గది ఏలియాకే ఉండిపోయింది.

తర్వాత ఆ పరీక్ష ఎవరికి నేర్పినా, ఒక కొమ్మకు ఒకచోట, నెలకు ఒకసారి, అని చెప్పి వాళ్ళ చేత తిరిగి చెప్పించుకునేవాడిని. భయపడే మనిషికి ఎలా చూడాలో చెప్పినప్పుడు ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. ఎండిన మోళ్ళను నేనే రంపంతో కోసి తీశాను. వాటి మీద గీతల్లో ఏవి అతనివో, ఏవి నావో గుర్తుపట్టలేకపోయాను.