ముగ్గు మూలన ఉన్న మనిషి

ఆరేళ్ళుగా నా బీరువాలో చీరల కింద ఒక పాత ఫోన్ ఉంది. చార్జింగ్ నిలవదు. ఎక్స్ఛేంజిలో ఇచ్చెయ్యమని మా ఆయన ఏటా పోరుతాడు. ఇవ్వను. ఎందుకివ్వనో మీకొక్కరికే చెబుతున్నాను. ఈ బరువు ఇంక మొయ్యలేను.

చెన్నై మైలాపూరులో మా వాకిట్లో రోజూ తెల్లవారకముందే ఒకామె వచ్చి ముగ్గు వేసేది. మార్గళి నెలంతా, అంటే మన ధనుర్మాసమంతా, మెలికల ముగ్గులే. ఎంత గొప్ప చెయ్యనుకున్నారు! పుస్తకం లేదు, కొలత లేదు. చుక్కలు పెట్టి నడుం వంచిందంటే, ఒకే గీతను ఎక్కడెక్కడో తిప్పి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపేది. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా చూస్తూ నిలబడేదాన్ని.

అప్పుడు నేను ఫోన్ మార్చాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నాను. వేరే కంపెనీ ఫోన్ మా తమ్ముడి దగ్గరుంటే రెండు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. రెండింటితోనూ ఆ ముగ్గే తీశాను. నా దాంట్లో చీకటి, మసక. తమ్ముడి దాంట్లో పట్టపగలు! పైగా అందులో అక్కర్లేనిదాన్ని వేలితో రుద్దితే మాయమవుతుందట. చూద్దామని, మూలన వంగి ఉన్న ఆమె మీద రుద్దాను. పోయింది. ఆమె పాదాలున్న చోట ముగ్గును ఫోనే కల్పించి పూడ్చింది. అబ్బ, ఏం ఫోన్ అనుకున్నాను.

ఆ సంబరంలోనే ఆ ఫొటోను నా ఫోన్‌కు పంపుకుని మా ఆఫీసు ఆడవాళ్ళ గ్రూపులో పెట్టాను. నువ్వే వేశావా, ఇన్నాళ్ళూ చెప్పనేలేదే అని ఒకటే పొగడ్తలు. కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఆ ఫొటో చూసే ఆఫీసు ముగ్గుల పోటీలో మొదటి బహుమతి నాకిచ్చారు. నవ్వుతూ తీసుకున్నాను.

వారం తర్వాత వాకిట్లో ముగ్గు వేస్తూ ఆమె అడిగింది.

"అమ్మా, ఆ పొద్దు ఫోన్లో తీసినావు గదా, ఆ ముగ్గు ఉందా? మా పాపకు చూపించాల. నేను ఈడ ఏసేటప్పుడు అది నిద్రలో ఉంటాది. అది లేచి వచ్చేసరికి జనం తొక్కేసుంటారు. ఒక్కటి కూడా చూడలా."

"సరిగా పడలేదు. తీసేశాను."

"సరి లేమ్మా. రేపు ఇంకా పెద్దది ఏస్తా, తియ్యి."

మర్నాడు వేసింది. నేను తలుపు తియ్యలేదు.

ఆ మసక ఫొటో అయినా ఇవ్వొచ్చుగా? అందులో ఆమె ఉంది. అది తిరిగి తిరిగి మా ఆఫీసులో ఎవరి కంటైనా పడితే? అదీ నా భయం. పరువు కోసం ఒక పిల్లకు తల్లి పనితనం కనబడకుండా చేశాను. ఆ తర్వాత కార్పొరేషన్ వాళ్ళు ఆమె ఉండే పేటను ఖాళీ చేయించి, అందరినీ ఊరి చివరి ఇళ్ళకు మార్చారు. ఆమె రావడం మానేసింది. ఎక్కడుందో వెతికానా? లేదు.

తమ్ముడి ఫోన్ లాంటిదే కొన్నాను. దాని తర్వాత ఇంకో రెండు మార్చాను. నిన్న పాతదాన్ని చార్జింగుకు గుచ్చి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫోన్ పూడ్చిన చోట గీత కలవలేదు. మధ్యలో ఆగిపోయింది. బహుమతి ఇచ్చినవాళ్ళెవరూ గమనించలేదు. ఆమె అయితే చూడగానే పట్టేసేది. మసక ఫొటోలో ఆమె ఉంది, వేళ్ళ సందుల్లోంచి పిండి జారుతూ.

ఆ ముగ్గు నేను వెయ్యలేదు. ఆమె వేసింది. పేరు రాజేశ్వరి.