పులుసులో గరిటె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేది నేను, అందరికంటే తక్కువ మాట్లాడేది మా అమ్మమ్మ. ఎనభైల మొదట్లో సంగతి. అమెరికా పడమటి కొసన, వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎప్పుడు చూసినా వాన పడే ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. తాతయ్య పోయాక అమ్మమ్మని నరసాపురం దగ్గరి పల్లెనుంచి పట్టుబట్టి తెచ్చుకుంది.

వచ్చిందన్న మాటేగానీ మనిషి ఇక్కడ లేదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వాన చూసేది. రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేది. అంతకుముందు మేం సెలవులకి వెళ్ళినప్పుడు, భోజనం ముందు ఆవిడ చేసే ప్రార్థనలో చుట్టాలతోబాటు దొడ్లో గేదె క్షేమం కూడా ఉండేది; అది పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయేది. ఇప్పుడు ఒక్క "ఆమెన్"తో సరి. అమ్మ బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. మనిషి చిక్కిపోతోందని డాక్టరూ భయపెట్టాడు. ఆకలి లేదే అనేది, అంతే. ఆవిడ కూడా తాతయ్యలాగే వెళ్ళిపోతుందా? నేను పైకి అడగలేకపోయిన ప్రశ్న అదొక్కటే.

ఆ ఏడు చలికాలం ముందు, పక్కింటి తాతగారు నన్నూ నాన్ననీ సాల్మన్ చేపలు పట్టడానికి రమ్మన్నారు. ఆయన అమెరికనే, బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నా ప్రశ్నలకి విసుక్కోని మనిషి ఆ వీధిలో ఆయనొక్కరే. ఆ శనివారం అమ్మకి డ్యూటీ ఉంది. అమ్మమ్మని ఒంటరిగా వదల్లేక ఆవిడనీ కార్లో ఎక్కించాం.

వారం రోజులుగా పడ్డ వానకి ఏరు గట్లొరుసుకుంటూ పారుతోంది. మట్టిరంగు నీళ్ళు, వాటిల్లో కొట్టుకొచ్చే కొమ్మలు. ఇంత వరదలో చేపలు కొట్టుకుపోవా అని అడిగాను. నడి ఏట్లో ఈదితే అలిసిపోతాయి కదా, అందుకని గట్టు వారగా, బండల చాటున, నీళ్ళు నెమ్మదించిన చోట ఆగి ఆగి పైకి వెళ్తాయన్నారు తాతగారు. మడత కుర్చీ వేసి, శాలువా కప్పి అమ్మమ్మని కూర్చోబెట్టాం. ఆవిడ చాలాసేపు చూసి "ఎర్రనీరు" అంది. గోదావరికి వరదొస్తే మనవాళ్ళనే మాట అది అన్నాడు నాన్న. ఆ నీటికి ఎదురీది సముద్రంలోంచి పులస వస్తుందట. ఇంకేమైనా చెబుతుందేమోనని నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. ఆవిడ కళ్ళు మళ్ళీ ఏటి మీదికే పోయాయి.

తాతగారు పెట్టెలోంచి తళతళలాడే వంకర రేకొకటి తీశారు, దాని చివర గాలం ముల్లు. దీన్నేమంటారని అడిగితే స్పూన్ అన్నారు. నాన్న తెలుగులో "గరిటె" అనేసరికి నవ్వాగలేదు నాకు. చేప దీన్ని తిండి అనుకుంటుందా అన్నాను. అప్పుడాయన చెప్పింది నాకిప్పటికీ వింతే. సముద్రం వదిలి ఏట్లోకి వచ్చిన సాల్మన్ ఇక తిండి మానేస్తుందట. ఆకలన్నదే ఉండదట. మరెందుకు కరుస్తుంది?

"ఎవరికీ సరిగ్గా తెలీదమ్మా. నన్నడిగితే చిరాకు," అన్నారు. మొహం ముందు అదేపనిగా తిప్పుతుంటే ఒకసారి ఊరుకుంటుంది, రెండోసారి ఊరుకుంటుంది, ఆ తర్వాత ఊరుకోలేదట. నాన్న అమ్మమ్మ కుర్చీ వైపు చూశాడు. మధ్యాహ్నం దాకా స్పూన్‌ని గట్టువారే విసిరి లాగీ లాగీ, చివరికి నా చెయ్యంత చేపనొకదాన్ని ఒడ్డుకి చేర్చారు.

ఇంటికొచ్చాక నాన్న వంటింట్లోకి దూరాడు. టీ తప్ప ఆయన ఏదీ వండగా నేను చూడలేదు. అమ్మమ్మ కుర్చీని పొయ్యి కనిపించేలా తిప్పి, సగం చేపని సొరకాయ ముక్కల్లా చిన్నచిన్నగా తరిగాడు. అమ్మమ్మ చూసి ఊరుకుంది. చింతపండు బదులు ఇదుందిగా అని పైకే అంటూ టమాటా కెచప్ సీసా బోర్లించాడు. ఆవిడ మొహం చిట్లించింది, అయినా ఊరుకుంది. అప్పుడు నాన్న పెద్ద గరిటె తీసి, ఉడుకుతున్న ముక్కల మధ్య దించి, గిన్నె మోగేట్టు గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు.

కుర్చీ కిర్రుమంది. "అయ్యో అల్లుడుగారూ, గరిటె తీసెయ్యండి! చేపల పులుసులో గరిటె పెడతారండీ ఎవరైనా?"

"పెట్టకూడదా అత్తయ్యగారూ?" అన్నాడు నాన్న, అంత అమాయకంగా.

ఆవిడ ఆయన్ని పక్కకి నెట్టి, మిగిలిన సగం చేపని తనే పెద్ద ముక్కలు కోసింది. ఊరినుంచి తెచ్చి, పెట్టెలోంచి తీయనైనా తీయని చింతపండు నాచేత తెప్పించింది. గిన్నెని గుడ్డతో రెండు పక్కలా పట్టుకుని, ముక్క చెదరకుండా ఎలా తిప్పాలో నాన్నకి తిడుతూనే చూపించింది. అరచేతిలో పులుసు చుక్క వేసుకుని నాకింది. ఉప్పు చాల్లేదంటూ ఇంకోసారి నాకింది. ఇదీ ఒక చేపేనా, పులస ముందు ఎందుకూ పనికిరాదంది. డ్యూటీనుంచి వచ్చిన అమ్మ ఆ వాసనకి, బూట్లు విప్పడం మరచి గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం ప్రార్థన చాలాసేపు సాగింది. తాతయ్య పేరు వచ్చింది, గేదె వచ్చింది, అల్లుడికి కాస్త వంట బుద్ధి ప్రసాదించమన్న మనవి కూడా వచ్చింది. అన్నం చల్లారిపోయింది. అమ్మమ్మ ఇంకో ముక్క వెయ్యమని కంచం చాపితే అమ్మ గబగబా రెండు వేసింది. నీకు నిజంగా వంట రాదా అని నాన్నని చెవిలో అడిగాను. ఆయన కన్ను కొట్టాడు.

ఇప్పుడు నేనే అమ్మమ్మని. మొన్న మా అమ్మాయి కాపురం చెదిరి ఇంటికొచ్చింది. తినదు, మాట్లాడదు, కిటికీ వదలదు. తినమని బతిమాలలేదు, ఏమైందని అడగలేదు. నాలాంటి దానికి అది ఎంత కష్టమో నాకే తెలుసు. చేపల పులుసు పొయ్యి మీద పెట్టి, తనకి కనబడేలా గరిటె దించి, వెనక కుర్చీ కిర్రుమనేదాకా తిప్పుతూనే ఉన్నాను.