నలిగిన ముక్క మీద నా సంతకం

2004లో జూబ్లీహిల్స్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పాథాలజీ విభాగానికి సీనియర్ కన్సల్టెంటుగా చేరాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు రాయడం మా పని. హైటెక్ సిటీ పుణ్యమా అని ఆ రోజుల్లో ఎవరికైనా ఏదైనా సాయంత్రానికల్లా కావాలి, రిపోర్టులతో సహా. నేను అప్పటికే అలసిపోయి ఉన్నాను.

ఒకరోజు ఊపిరితిత్తి నుంచి తీసిన మెతుకంత ముక్క వచ్చింది. రోగి శ్రీనగర్ కాలనీ ఆవిడ, నలభై దాటాయి. ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతుందని తర్వాత తెలిసింది. మాకొచ్చిన ఫారంలో రోగచరిత్ర గడి ఖాళీ. ఫోన్ చేసి కనుక్కునే ఓపిక నాకు లేకపోయింది. పటకారు నొక్కుడికి ముక్క నలిగి, కణాలు నల్లగా సాగిపోయాయి. కీమో ఇచ్చే డాక్టరు అప్పటికి రెండుసార్లు అడిగించారు. స్మాల్ సెల్ కార్సినోమా అని రాసి సంతకం పెట్టాను.

నరాల సంకేతాలు అందుకుని హార్మోన్లు వదిలే కణాలు ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, క్లోమంలో ఉంటాయి. వాటి తరహా క్యాన్సర్లన్నిటినీ న్యూరోఎండోక్రైన్ అనే అంటారు గాని, నడతలు వేరు. కార్సినాయిడ్ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, పాకకముందే కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. స్మాల్ సెల్ నెలల్లో ఒళ్లంతా పాకుతుంది. ఎక్కువగా పొగతాగేవాళ్లకు వస్తుంది, దానికి కీమోయే ప్రధానం. నలిగిన ముక్కలో ఈ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

మా టెక్నీషియన్ యాదగిరిది షేక్‌పేట. రిపోర్టు పంపిన మూడో రోజు ఆవిడకు రక్తం తీసి వచ్చి అన్నాడు: "సార్, గామె రెండేండ్ల సంది దగ్గుతున్నదంట. సిగరెట్ గిట్ల ఏం లేదు. గంత జల్దీ పాకే రోగమైతే గిన్ని దినాలు ఊకుంటదా?"

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ ముక్కను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టాను.

మర్నాడే మొదటి కీమో. ఫోన్ చేసి ఆపించాను. విభజన చెందుతున్న కణాలను చూపించే కేఐ-67 పరీక్ష చేయిస్తే, అలాంటివి అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి; స్మాల్ సెల్ అయితే నిండా అవే ఉండాలి. మళ్లీ కాస్త పెద్ద ముక్క తీయించాం. కార్సినాయిడ్. సవరించిన రిపోర్టు పంపాను. సర్జన్లు ఊపిరితిత్తిలో ఆ భాగం తీసేశారు.

ఈలోగా ఆవిడ చేతిలో ఉన్న సినిమా వదిలేసుకుంది. మిగతా రీళ్లు మరొకరి చేత చెప్పించారట.

కోలుకున్నాక రెండు రిపోర్టులూ పట్టుకుని నా గదికి వచ్చింది.

"ఈ సంతకం మీదేనాండీ?"

నాదేనన్నాను.

"మరి ఇదీ?"

అదీ నాదే.

"పది రోజులు చచ్చిపోయాననుకునే బతికానండీ. ఖాయంగా తెలియదని రాయాల్సింది కదా?"

క్షమాపణ చెప్పాను. తల ఊపి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా, నలిగిన ముక్క వస్తే రకం చెప్పలేనని, మరో ముక్క కావాలని రాశాను. డాక్టర్లు విసుక్కునేవారు. ఆ ఒక్క వాక్యం రాయడం నాకు అప్పుడూ తెలుసు.