మూడు వారాల పరామర్శ

కొత్త కంప్యూటరు కొన్నానని ఎవరైనా చెబితే బావ అభినందించడు, పరామర్శిస్తాడు. కుర్చీ జరిపి కూర్చోబెడతాడు. మంచినీళ్లిస్తాడు. ఖరీదెంతో విని కాసేపు తల దించుకుంటాడు. ఆ తర్వాత, పోయినవాళ్ల గురించి అడిగే గొంతుతో "పాతది ఏమైంది?" అంటాడు. చివరికి గడువు చెబుతాడు. "మూడు వారాలు. తర్వాత నువ్వే వస్తావు."

బావది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. కొత్తవీ అమ్ముతాడు గానీ, అమ్మడమంటే ఆయన దృష్టిలో కొనకుండా చూడటం. ఒకసారి ఒక ప్లీడరు అన్నిటికంటే ఖరీదైనది కావాలని వచ్చాడు. దానిమీద ఏం చేస్తారని ఆరా తీస్తే, ఉత్తరాలు రాయిస్తానని, తీరిక దొరికితే పేకాడతానని తేలింది. పేకముక్కలు ఎందులోనైనా అవేనని చెప్పి, ఆయన పాతదాన్నే దుమ్ము దులిపి చంకన పెట్టి పంపించాడు. ఇలాంటి బేరాలతో కొట్టు ఎలా నడుస్తోందో అక్కకు కూడా అంతుచిక్కదు.

ఇంతటి బావను ఇంట్లో పెట్టుకుని, బావమరిది వేరే కొట్టులో కొన్నాడు. అతను పుస్తకాలకు డీటీపీ చేస్తాడు. రోజంతా తెల్ల కాగితం, నల్ల అక్షరాలు. అందుకోసం సినిమావాళ్లు వాడే యంత్రం తెచ్చాడు. అది సన్నగా, నిగనిగలాడుతూ, పెళ్లికొడుకులా ఉంది. పని వేగం మాత్రం పెరగలేదు, వేళ్లు పాతవే కదా. ఇన్నాళ్లూ తాను ఆడలేక మద్దెల ఓడన్నానని, కొత్త మద్దెల వచ్చాక గాని అతనికి తెలియలేదు.

భార్య ఒక్క మాటే కోరింది, నర్సమ్మగారి పుస్తకం అచ్చయ్యేదాకా పాత కంప్యూటర్ని కదపవద్దని. ఆవిడ నలభై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసి, ఆ జ్ఞాపకాలు రాసుకుంది. నెలాఖరు ఆదివారం జరిగే పాత నర్సుల సభకు పుస్తకం చేతికి రావాలి. అలాగేనని మాటిచ్చిన బావమరిది, మర్నాడే పాతదాన్ని స్కూటరు మీద తీసుకెళ్లి బావ కొట్టులో దింపేశాడు. విప్పి సామాన్లు వాడుకోమని దాతలా చెప్పాడు. బావ అతనికీ మూడు వారాల గడువు చెబితే, పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చేశాడు. దాని చోట ఖాళీ అట్టపెట్టె పెట్టి దుప్పటి కప్పాడు. తెలివితేటలకు లోటు లేని మనిషి.

పద్దెనిమిదో రోజున, ఆఖరి దిద్దుబాట్ల కోసం నర్సమ్మగారి పుస్తకం తెరిచాడు. పేజీలు వచ్చాయి, అక్షరాలు రాలేదు. ఇరవై ఏళ్లనాటి ఆ ఫాంటు కొత్త యంత్రానికి గిట్టలేదు. మూడువందల పేజీల నిండా చీమలు పాకినట్టు ఏవో గుర్తులు. ఎల్లుండి పొద్దున ప్రెస్సుకు ఇవ్వాలి. మళ్లీ టైపు చేయాలంటే నెల పడుతుంది. భార్యకు చెప్పే ధైర్యం రావాలంటే అంతకంటే ఎక్కువే పడుతుంది.

పరుగున కొట్టుకు వెళ్లాడు. బావ క్యాలెండరు చూసి, మూడు రోజులు ముందే వచ్చావన్నాడు.

"విప్పేశావా బావా?"

బావ వెనకగదిలోకి నడిచాడు. అక్కడ అల్మరా నిండా పాత కంప్యూటర్లు. ఒక్కోదాని మీద ఒక్కో చీటీ: టైలరు, డ్రాయింగు మాస్టారు, పళ్ల డాక్టరు. అందరూ విప్పి వాడుకోమని ఇచ్చినవే. బావ దేన్నీ విప్పలేదు. వారానికోసారి ప్రతిదాన్నీ వెలిగించి చూస్తాడట. బావమరిదిది బయటికి తీసి ప్లగ్గు పెట్టాడు. అది గురగురమని, మూలిగి, నర్సమ్మగారి మొదటి వాక్యాన్ని నిండు తెలుగులో చూపించింది. బావమరిదికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెబుదామంటే, బావ దాన్ని ముందే శుభ్రంగా తుడిచిపెట్టాడు.

అంతలో భార్య వచ్చింది. ఇంట్లో తెరమీద చీమల్ని చూసి, దుప్పటి ఎత్తి, నేరుగా ఇక్కడికే వచ్చింది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

బావమరిది నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "నేనే తెప్పించుకున్నానమ్మా. ఫ్యాను శుభ్రం చేసిస్తానని ఇన్నాళ్లూ నాన్చాను. మీ ఆయన రోజూ అడుగుతూనే ఉన్నాడు."

"మరి అట్టపెట్టెకు దుప్పటి?"

"దుమ్ము పడకుండా," అన్నాడు బావ.

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీకు పని అప్పగిస్తే ఇంతే అన్నయ్యగారూ అని మొదలుపెట్టి చాలా దూరం వెళ్లింది. ఊరందరికీ గడువులు చెప్పే మనిషి తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఈయన మీదా ఇన్నాళ్లూ పళ్లు నూరాను అని బావమరిదికి సిగ్గేసింది. ఆ క్షణాన బావ అతనికి ఎంతో ముద్దొచ్చాడు.

ఆదివారం పుస్తకం నర్సమ్మగారి చేతిలో ఉంది. అట్టమీది ఫొటో మాత్రం కొత్త యంత్రమే చేసిపెట్టింది. ఆ పనికి దానికి సాటి లేదని బావ కూడా ఒప్పుకున్నాడు.

సోమవారం బావమరిది తన పాత కంప్యూటరు మీది చీటీ తిరిగి ఇవ్వడానికి వెళ్లాడు. అల్మరా అట్టడుగు అరలో, వెనకాల, సన్నగా నిగనిగలాడే యంత్రమొకటి కనిపించింది. ఒకప్పుడు మహా ఖరీదైన రకం. చీటీ మీద అక్క చేతిరాత ఉంది: 'మా ఆయన ముచ్చటపడి కొన్నది. వాడింది తొమ్మిది రోజులు.'

బావమరిది కుర్చీ జరిపి బావను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చాడు.